ఇంటి లాప్‌టాప్‌కు పైసలు పెట్టి యాంటీవైరస్ కొనాల్నా? ఒకప్పుడు అమ్మినోని మాట

"పిల్లల చదువుకు కొత్త లాప్‌టాప్ తీసుకున్నం. యాంటీవైరస్ వేయించుకోకుంటే నెలల పాడైతదని షాపాయన అంటున్నడు, నిజమేనా?" అని అడిగిన్రు.

కాదు. విండోస్ 11 ఉన్న ఇంటి లాప్‌టాప్‌కు కొనాల్సిన పని లేదు. ఈ మాట చెప్తున్నది ఆ డబ్బాలు అమ్మినోణ్ణే. నల్లగొండల గడియారం సెంటర్ దగ్గర 2011 నుంచి ఏడేండ్లు నెట్ సెంటర్, జిరాక్స్ నడిపిన. ఒక్క యాంటీవైరస్ డబ్బా అమ్మితే మిగిలేది, పొద్దంతా జిరాక్స్ తీసినా మిగలకపోయేది. షాపాయన అంత గట్టిగా ఎందుకు చెప్తున్నడో మీకే సమజైతది.

అయితే అప్పట్ల నేను చెప్పింది అబద్ధం కూడా కాదు. నా మూడు సిస్టమ్‌లల్ల ఉన్నది పాత విండోస్ ఎక్స్‌పీ. యూనివర్సిటీ పిల్లలు ప్రాజెక్టు ప్రింట్లకు పెన్‌డ్రైవ్‌లు పట్టుకొచ్చేటోళ్లు. పెట్టంగనే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లై కనిపించేవి. "అన్నా, నా ప్రాజెక్టు పోయింది, రేపే సబ్మిషన్" అని ఒకమ్మాయి కౌంటర్ కాడనే ఏడ్చింది. పోలేదమ్మా, దాక్కున్నదని చెప్పిన. ఆ వైరస్ అసలు ఫోల్డర్‌ను దాచి, అదే పేరుతోని షార్ట్‌కట్ పెట్టేది. అట్రిబ్ కమాండ్ కొట్టి బయటికి తీస్తే పది రూపాయలు తీసుకునేటోణ్ణి. (ఆ అమ్మాయి దగ్గర తీసుకోలేదు, అది వేరే సంగతి.)

ఎక్స్‌పీల అట్లాంటి వాటిని పట్టే కాపలా సొంతంగ లేకుండె. 2009ల మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని ఉచితంగ ఇచ్చింది గాని, దాన్ని మనమే వెతికి దించుకోవాలె. 2012ల విండోస్ 8 కాడి నుంచి డిఫెండర్ అనే మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ సిస్టమ్‌తోపాటే వస్తున్నది. మొదట్ల అది అంతంతమాత్రమే, చూసి నవ్వేటోణ్ణి. ఇప్పుడు జర్మనీల ఏవీ-టెస్ట్ ల్యాబ్ పరీక్షల్ల కొనుక్కునే వాటితోని సమానంగ మార్కులు తెచ్చుకుంటున్నది.

ఇగ అసలు సంగతి. మా బామ్మర్దికి దేవరకొండల ఫోటో స్టూడియో ఉన్నది. ఆయన సిస్టమ్‌ల పైసలు పెట్టి కొన్న యాంటీవైరస్ నేనే వేసిచ్చిన. 2020 ఫిబ్రవరిల, మాఘమాసం పెండ్లిళ్ల మధ్యల, పొద్దుగాల ఆరింటికి ఫోన్. "బావా, ఫోటోలు ఒక్కటి తెర్సుకుంటలేదు. పేర్ల చివర ఏదో తోక వచ్చింది." పోయి చూస్తే ప్రతి ఫోల్డర్ల ఒక చీటీ. 980 డాలర్లు కట్టాలె, 72 గంటలల్ల కడితే సగమేనట. సగమంటే అప్పటి లెక్కన దగ్గర దగ్గర ముప్పై ఐదు వేలు. ఎస్‌టీఓపీ అనే ర్యాన్సమ్‌వేర్ అది, అంటే ఫైళ్లకు తాళం వేసి పైసలడిగే వైరస్. క్రాక్ చేసిన దొంగ సాఫ్ట్‌వేర్‌ల వెంట వచ్చే రకం.

"యాంటీవైరస్ ఉండె కదా?" అన్న. ఉన్నది గాని ముందురాత్రి ఆయనే బంద్ చేసిండు. ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ క్రాక్ దించుకుంటే, దాంట్ల మొదటి మాటనే "యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని ఉన్నదట. కాపలోణ్ణి మనమే ఇంటికి పంపినంక వాని జీతం నాలుగొందలైతేంది, నాలుగు వేలైతేంది?

ఎమ్సిసాఫ్ట్ అనే కంపెనీ 2019 అక్టోబర్‌ల ఈ రకానికి ఉచితంగ ఒక టూల్ ఇచ్చింది. కొత్త రకాలల్ల వైరస్‌కు నెట్ అందక, తన దగ్గరున్న ఆఫ్‌లైన్ తాళంతోని మూసిన ఫైళ్లనే ఆ టూల్ తెరుస్తది. మావి నెట్ ఉన్నప్పుడు మూసినవి. పైసలు కట్టలేదు, కట్టినా ఇస్తరని నమ్మకమేంది? నాలుగు పెండ్లిళ్లల్ల రెండింటివి కెమెరా కార్డులల్ల ఇంకా ఉన్నయి, దొరికినయి. ఒకటి పెండ్లిపిల్ల తమ్ముని పెన్‌డ్రైవ్‌ల దొరికింది. నాలుగోది పోయింది. ఆ ఇంటికి మాట్లాడనీకి నేనే పోయిన, ఏమేం మాటలు పడ్డనో ఇక్కడ రాయను.

అప్పటి నుంచి నన్ను అడిగినోళ్లకు ఒకటే చెప్తున్న: ఏటేటా యాంటీవైరస్‌కు పెట్టే పైసలు జమచేసి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుండ్రి. వారానికోసారి కాపీ చేసుకొని తీగ పీకి బీరువల పెట్టుండ్రి. తీగ పీకుడు ముఖ్యం, తగిలిచ్చి ఉంటే ర్యాన్సమ్‌వేర్ దానికి కూడ తాళం వేస్తది.

రెండోది అప్‌డేట్లు. 2017 మేల వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా తిరిగిన వారం, మా సెంటర్‌కు వచ్చినోళ్లందరిదీ అదే ముచ్చట. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలనే ఇచ్చింది. వేసుకోనోళ్లే దెబ్బతిన్నరు. మీది కొత్తది కాబట్టి సరే, ఇంట్ల పాత విండోస్ 10 సిస్టమ్ కూడ ఉంటే చూసుకోండి, 2025 అక్టోబర్ 14తోని దాని మద్దతు అయిపోయింది. దానికి యాంటీవైరస్ కొనుడంటే కూలిన గోడకు కొత్త తాళం వేసినట్లే. వీలైతే 11కు మార్చుండ్రి, కాకుంటే మైక్రోసాఫ్ట్ అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకొండ్రి.

బయటి కంపెనీల ఉచిత యాంటీవైరస్‌లు కూడ వద్దనే చెప్త. అవాస్ట్ అనే యాంటీవైరస్ కంపెనీ మనుషుల బ్రౌజింగ్ వివరాలు అమ్ముకున్నదని 2024ల అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 165 లక్షల డాలర్లు కట్టించింది.

ఇక మన సిస్టమ్‌ను దూరం నుంచే నడిపే ఎనీడెస్క్ యాప్ వేసుకొమ్మని ఫోన్ చేసి ఖాతా ఊడ్చేటోళ్లను ఏ యాంటీవైరస్ ఆపదు, తలుపు తీసేది మనమే కాబట్టి. అట్ల పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలె.

మీ లాప్‌టాప్‌ల విండోస్ సెక్యూరిటీ తెరిచి చూడండి. వేరే కంపెనీ ట్రయల్ ఉంటే డిఫెండర్ పక్కకు జరిగి ఉంటది, ఆ ట్రయల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొట్టండి. అక్కడనే ర్యాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఉంటది, మామూలుగ ఆఫ్‌ల ఉంటది. ఆన్ చేయండి. ఎప్పుడన్న పిల్లల గేమ్‌ను అడ్డుకుంటే, దాన్ని ఒక్కదాన్నే అనుమతిస్తే సరిపోతది.