పుట్టాక కూడా టీ కణాలకు నాచ్ కావాలని ఎలా తెలిసింది?

టీ కణాలంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. నాచ్ అంటే కణం మీదుండి పక్క కణం ఇచ్చే సంకేతాన్ని అందుకునే ప్రోటీన్; నాచ్1 అందులో ఒక రకం. మీ సందేహం ఇది: నాచ్1 జీన్ అసలు లేని ఎలుక పిండంలోనే చచ్చిపోతుంది కదా, మరి పెరిగిన జంతువుకు అది కావాలని ఎలా తేల్చారు?

జీన్‌ను పుట్టాక తీసేశారు. జీన్‌కు రెండు పక్కలా లాక్స్‌పీ గుర్తులు పెట్టి, వాటి మధ్య భాగాన్ని కత్తిరించే క్రీ ఎంజైమ్ సూదిమందు ఇచ్చాకే తయారయ్యేలా చేశారు. అందాకా ఎలుక మామూలుగా పెరుగుతుంది. 1999లో ఇలా చేస్తే థైమస్‌లో, అంటే మజ్జ నుంచి వచ్చిన కణాలు టీ కణాలుగా ఎదిగే గ్రంథిలో, ఆ ఎదుగుదల బాగా దెబ్బతింది.

నాకు బాగా నచ్చేది దాంతోపాటు చేసిన ఇంకో ప్రయోగం. నాచ్1 ఉన్న ఎముక మజ్జను, లేని మజ్జను కలిపి, రేడియేషన్‌తో సొంత మజ్జ పోగొట్టిన మామూలు ఎలుకలకు ఎక్కించారు. రెండు రకాల కణాలకూ థైమస్ అదే, రక్తం అదే. అయినా నాచ్1 లేనివి మిగతా రక్తకణాలన్నీ మామూలుగా ఇచ్చాయి, టీ కణాలు మాత్రం ఇవ్వలేకపోయాయి. అంటే లోపం థైమస్‌ది కాదు, ఆ కణానిదే. అలాంటి కణాలు థైమస్‌లో బీ కణాలుగా (యాంటీబాడీలు తయారుచేసే మరో రకం తెల్ల రక్తకణాలుగా) మారిపోతాయని 2001లో చూపించారు.

తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివేటప్పుడు పోస్ట్‌మార్టంలో దూడ మెడ తెరిస్తే, గాలిగొట్టం పక్కన లేత రంగులో గుత్తులు గుత్తులుగా థైమస్ ఛాతీ దాకా దిగి ఉండేది. ముసలి ఆవులో అదే చోట చేతికి కొవ్వే తగిలేది. మజ్జ నుంచి వచ్చే కణానికి నాచ్ సంకేతం ఇచ్చేది థైమస్ గూటి కణాల మీదుండే డీఎల్ఎల్4 ప్రోటీన్. ఆ గూడు కుంచించుకుపోయే కొద్దీ కొత్త టీ కణాల రాక కూడా తగ్గుతుంది. అయినా ఎదిగిన జంతువులో అది ఒక్కసారిగా ఆగిపోదు.

సంకేతం ఎక్కువైనా ప్రమాదమే. మనుషుల్లో వచ్చే ఒక రకం టీ కణాల లుకేమియాలో సగానికి పైగా కేసుల్లో నాచ్1ను అతిగా పనిచేయించే మ్యుటేషన్లు ఉన్నాయని 2004లో బయటపడింది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఎలుకలో చూసిందంతా మనిషికీ పశువుకీ అంటగట్టకండి. ఎలుకలో బీ కణాలు ఎదగడానికి ఐఎల్-7 అనే సంకేత ప్రోటీన్ కావాలి. మనిషిలో అలా కాదు: ఐఎల్-7ను అందుకునే రిసెప్టర్ లోపంతో పుట్టిన పిల్లల్లో టీ కణాలు ఉండవు, బీ కణాలు మాత్రం ఉంటాయి.

సెమినార్‌లో ఒక్క ప్రయోగానికే టైం ఉంటే, ఆ కలిపిన మజ్జ ప్రయోగమే చెప్పండి.