తుప్పలు కొట్టేసినా ఎలుకల మీద పురుగులు ఎందుకు పోవు?

ప్రశ్న: మేడమ్, విశాఖ మధురవాడలో కొండవార ఇల్లు కట్టుకుని మూడేళ్లయింది. మొన్న వేసవిలో మా వెనకాల జేసీబీలు పెట్టి తుప్పలన్నీ కొట్టేసి లేఅవుట్ వేశారు, అప్పట్నుంచి ఎలుకలు విపరీతం. వానలయ్యాక పక్కింటావిడకి జ్వరమొస్తే స్క్రబ్ టైఫస్ అన్నారు, ఎలుకల మీదుండే పురుగు వల్లట. అడవి పోతే దాని పురుగులూ పోవాలి కదా? చిన్నపిల్లలున్నారు, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: మీరనుకున్నది సగం నిజమేనమ్మా, కొన్ని నిజంగానే పోతాయి. ఎలుక కడుపులో బద్దెపురుగులు ఉంటాయి, వాటిలో చాలా రకాలకి ఎలుక ఒక్కటే ఉంటే చాలదు. గుడ్డు ఎలుక పెంటికలో బయటపడాలి, దాన్ని ఏ పేడపురుగో తినాలి, ఆ పేడపురుగుని ఇంకో ఎలుక తినాలి, ఇంకొన్ని రకాలైతే ఎలుకలో పిల్ల దశలోనే ఉంటాయి, ఆ ఎలుకని పిల్లి గానీ నక్క గానీ తింటేనే పెద్దవవుతాయి. మధ్యలో ఒక్క ప్రాణి కరువైనా వాటి పని అయిపోయినట్టే.

ఎలుక నుంచి ఎలుకకి నేరుగా పాకేవాటికి ఈ బెడద లేదు. పేలు, ఒంటిమీద గెంతే పురుగులు, కొన్ని రకాల నులిపురుగులు అలాంటివే. చెట్టూ పుట్టా పోయాక పాములు, గుడ్లగూబలు తగ్గుతాయి, ఎక్కడైనా ఏదైనా తిని బతికే ఇంటి ఎలుక, పందికొక్కు మిగులుతాయి (ఇంగ్లీషువాళ్లు బాండికూట్ అనేది మన పందికొక్కునే, మాట ఇక్కడిదే), చెత్తకుప్పలో తిండి దొరికి ఒక్కచోటే కిక్కిరిసి పెరుగుతాయి. కెన్యాలో కొంత మేర ఏనుగుల్లాంటి పెద్ద జంతువులు రాకుండా కంచె వేసి చూస్తే లోపల ఎలుకలు దాదాపు రెట్టింపయ్యాయి, వాటితో పాటు రోగం మోసే గెంతుడు పురుగులూ రెట్టింపయ్యాయి.

ఇక పక్కింటావిడ జ్వరం సంగతి. ఆ పురుగు అసలు ఇల్లు ఎలుక కాదు, నేల. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు మాత్రమే, అదీ బతుకులో ఒకే ఒక్కసారి, ఏదో ఒక ప్రాణిని పట్టుకుంటుంది, తర్వాత రాలి మట్టిలోకి వెళ్లి అక్కడే బతుకుతుంది. అడవి ఎలుక చెవి లోపల చూస్తే నారింజరంగు రవ్వ అంటించినట్టు గుత్తులుగా కనిపించేవి ఇవే. రోగక్రిమి తల్లి పురుగు నుంచే గుడ్డులోకి వెళుతుంది, ఎలుక వాటికి తిండి పెట్టి, చోటు మారుస్తుంది. ఇప్పుడు మీ వెనక లేఅవుట్ చూడండి. కొండని చదును చేశారు, ఇళ్లు కట్టలేదు, తొలకరికే గడ్డి, వయ్యారిభామ నడుమెత్తు లేచి ఉంటుంది. ఆ పురుగుకి కావలసింది అదే. స్క్రబ్ అంటేనే తుప్ప, అడవి నరికాక లేచే తుప్పలో పట్టుకునే జ్వరమనే ఆ పేరు. కంబాలకొండ అభయారణ్యం పక్కనే ఉండి కూడా ప్లాట్లు అమ్మేశాక వాటి మొహం చూసేవాడు లేకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. కాలనీవాళ్లంతా కలిసి ఆ ఖాళీ ప్లాట్లలో గడ్డి కోయించమని పట్టుబట్టండి.

ఈలోగా పిల్లల్ని ఆ గడ్డిలో కూర్చోనివ్వకండి, తుప్పల మీద బట్టలు ఆరేయకండి, ఆడుకుని రాగానే ఒళ్లు రుద్ది స్నానం చేయించి బట్టలు మార్చండి. జ్వరమొస్తే చంకలు, గజ్జలు, నడుము దగ్గర బట్ట బిగిసే చోట వెతకండి, సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటే డాక్టరుకి చూపించండి. నొప్పి ఉండదు కాబట్టి పిల్లలు చెప్పరు, కొందరికి పెచ్చు కనిపించదు కూడా, అందుకని తుప్పల పక్కన ఉంటున్నామని మీరే చెప్పాలి. డాక్టరు సమయానికి రాసిస్తే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి మామూలు మందులకే తగ్గుతుంది. ఆలస్యమైతేనే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా వెళుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు, పక్కింటావిడని పలకరించి రండి.

ప్రశ్న: ఎలుకల మందు పెట్టేస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, అడవివరం

జవాబు: ముందుగా అది వద్దండీ. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే దాని మీది గెంతుడు పురుగులు ఇంకో వెచ్చని ఒంటి కోసం వెతుక్కుంటాయి, అది మీ కుక్క కావచ్చు, మీరూ కావచ్చు. ప్లేగు విషయంలో కూడా ముందు పురుగుల మందు, ఆ తర్వాతే ఎలుకల మందు అంటారు. నేలలో ఉండే స్క్రబ్ టైఫస్ పురుగుకైతే ఎలుకల మందు తగలనే తగలదు. చెత్త రాత్రి బయట వదలకండి, బొరియలు, తూముల సందులు మూయించండి, చచ్చిన ఎలుకని చేత్తో ముట్టకండి.