రాయడం ఆగిపోయినప్పుడు ఏం చేయాలి?

చెన్నైలో ఉద్యోగం చేస్తూ తెలుగులో కథలు రాసే తాను మూడు నెలలుగా ఒక్క పేజీ కూడా పూర్తి చేయలేకపోతున్నానని, దీన్ని ఎలా దాటాలని ఒకరు అడిగారు.

ముందుగా, ఏమీ తోచకపోవడానికీ తోచింది నచ్చకపోవడానికీ ఉన్న తేడాను గమనించాలి. నా దృష్టిలో ఎక్కువమందిది రెండో ఇబ్బందే. వారు చిత్తుప్రతిని ఎవరికీ చూపనని నిశ్చయించుకుని, రోజూ ఇరవై నిమిషాలు కొట్టివేతలు లేకుండా రాయడం మేలు.

నిజంగానే ఏమీ తోచనివారు బల్ల ముందు పెనుగులాడటం దండగ. సమస్యను పక్కన పెట్టిన తరువాత కూడా మనసు లోలోపల దానిపై పనిచేస్తుందని బ్రిటిష్ ఆలోచనాపరుడు గ్రాహం వాలస్ 1926లోనే వివరించాడు. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు ఎక్కువగా వచ్చినట్లు తేలింది. అయితే ఒకే సరైన జవాబును వెతికే పనికి నడక తోడ్పడలేదు కనుక, దిద్దుబాటు మాత్రం కూర్చునే చేసుకోవాలి.

చెన్నైలోని తెలుగువారికి మరో వసతి ఉంది. ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలున్నాయి (శుక్రవారం సెలవు). ఒకే ఫలకం ముందు అరగంట నిలబడి, అందులో ఎవరు ఎటు చూస్తున్నారో, ఎవరి చేతిలో ఏముందో, కథ కట్టే ప్రయత్నమేదీ చేయకుండా, కనిపించినంత మాత్రమే నోటుపుస్తకంలో రాసుకోండి. బొమ్మలు వేసేవారైతే చేతులొక్కటే గీయవచ్చు. హద్దు అంత చిన్నదైనప్పుడు, ఏం రాయాలన్న బెంగకు చోటుండదు.

నిద్ర, ఆకలి కూడా వారాల తరబడి దెబ్బతింటే అది రచనకు సంబంధించిన సమస్య కాకపోవచ్చు. అప్పుడు వైద్యుణ్ణి సంప్రదించాలి.