అమ్మ గొలుసు అమ్మాలంటే ఎవరెవరు ఒప్పుకోవాలి?

ప్రశ్న: మా అమ్మ రెండేళ్ల క్రితం చనిపోయింది. వీలునామా రాయలేదు. ఆమె రెండు కాసుల గొలుసు నా దగ్గరే ఉంది. బిల్లు లేదు, హాల్‌మార్క్ లేదు. నాన్న ఉన్నారు, మేం ఇద్దరం అక్కచెల్లెళ్లం, ఒక తమ్ముడు. తల్లి బంగారం ఆడపిల్లలదే కదా అని నేనంటున్నాను. అమ్మేసి పంచుకుందామని తమ్ముడు, ఉంచమని నాన్న. ఏం చేయాలి? అమ్మితే పన్ను పడుతుందా?

జవాబు: అమ్మాలా ఉంచాలా అన్నది తర్వాత, ముందు ఆ గొలుసు ఎవరిదో తేలాలి. తల్లి బంగారం ఆడపిల్లలదే అన్న మాట పాత ధర్మశాస్త్రాల నాటిది. అప్పట్లో స్త్రీధనంలో కూతుళ్లకే మొదటి హక్కు ఉండేది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం దాన్ని మార్చేసింది. ఆ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, వీలునామా లేకుండా చనిపోయిన స్త్రీ ఆస్తి భర్తకూ కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వస్తుంది. పిల్లలున్నప్పుడు అది పుట్టింటివారు పెట్టిందా, అత్తింటివారు పెట్టిందా అన్న తేడా లెక్కలోకి రాదు. కాబట్టి మీది హిందూ కుటుంబమైతే ఆ గొలుసులో నాలుగు వాటాలు. నాన్నగారి వాటా సంగతి చాలా ఇళ్లలో మరిచిపోతారు. కాసుకు 8 గ్రాముల చొప్పున మొత్తం 16 గ్రాములు, మనిషికి నాలుగేసి గ్రాములు.

మీ బీరువాలో ఉన్నంత మాత్రాన అది మీ ఒక్కరిదే కాదు. చెప్పకుండా అమ్మితే మిగతావాళ్లు వాటా కోసం దావా వేయవచ్చు. అప్పటికి గొలుసు కరిగిపోయి ఉంటుంది కాబట్టి కోర్టు ఇప్పించగలిగేది డబ్బే. పైగా ఆ గొలుసు ఎంత తూగింది, ఎంత మచ్చు (స్వచ్ఛత) ఉందన్నది రుజువు చేయడానికి ఏమీ మిగలదు. అందుకే ముందు కాగితం రాసుకోండి. బంగారం చరాస్తి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. గొలుసు ఫొటో, తూకం, అమ్మడానికి అందరూ ఒప్పుకున్నారన్న మాట, ఎవరికి ఎంత వస్తుందో రాసి, నలుగురూ సంతకాలు చేసి, ఇద్దరు సాక్షుల చేత కూడా పెట్టించండి.

హాల్‌మార్క్ లేకపోయినా అమ్మవచ్చు. ఆ నిబంధన అమ్మే నగల వర్తకుడికే గానీ పాత నగ అమ్ముకునే ఇంటివాళ్లకు కాదు. కానీ నష్టం జరిగేది ఇక్కడే. పాత గొలుసుల అతుకుల దగ్గర టంకం ఎక్కువగా ఉంటుంది, గుండ్లలో లక్క ఉండవచ్చు. స్వచ్ఛత కొలిచే యంత్రం, అంటే క్యారట్ మీటరు, పైపొరనే చదువుతుంది, కాబట్టి కొక్కెం దగ్గర, మధ్యలో, అతుకు మీద వేర్వేరుగా పెట్టి చూపించమనండి. లక్క పోగా నికరంగా 15.6 గ్రాములు తూగిందనుకుందాం. 22 క్యారట్లయితే అందులో మేలిమి దాదాపు 14.3 గ్రాములు, 20 క్యారట్లని తేలితే 13 గ్రాములే. ఆ 1.3 గ్రాముల తేడా మీలో ఒకరి వాటాలో మూడో వంతుతో సమానం. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తింపు ఉన్న పరీక్షా కేంద్రంలో ముందే రిపోర్టు తీసుకుంటే వర్తకుడితో వాదన ఉండదు. ధర ఒప్పుకునే దాకా కరిగించడానికి ఇవ్వకండి. డబ్బు బ్యాంకు ఖాతాలోకే, కొనుగోలు రసీదుతో సహా తీసుకోండి. నగదు ఇస్తామనే చోట రసీదు సరిగా ఉండదు, రేపు తమ్ముడికి చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. మీరు వ్యాపారులు కారు కాబట్టి ఈ అమ్మకం మీద మీకు జీఎస్టీ లేదు.

ఇక ఆదాయపు పన్ను. వారసత్వంగా వచ్చినప్పుడు పన్ను లేదు, అమ్మినప్పుడు లాభం మీద పడుతుంది. అమ్మ దగ్గర ఉన్న కాలమూ మీదిగానే లెక్క; మొత్తం 24 నెలలు దాటితే దీర్ఘకాలిక లాభం, 12.5 శాతం, దానిపై సెస్సు. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ రోజు విలువనే కొన్న ధరగా తీసుకోవచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యుయర్ రిపోర్టు దానికి ఆధారం. ఎవరి వాటా లాభం వాళ్ల రిటర్నులోనే చూపాలి. వేరే ఆదాయం పెద్దగా లేని నాన్నగారి లాంటివారికి, ఇక్కడే నివాసం ఉంటే, మినహాయింపు పరిమితిలో మిగిలిన మేరకు ఆ లాభం మీద పన్ను పడదు.

నా సలహా: అప్పు తీర్చాల్సిన అవసరమో ఆసుపత్రి ఖర్చో ఉంటే తప్ప అమ్మకండి. అమ్మినప్పుడు మజూరీ, తరుగు తిరిగి రావు. మళ్లీ అలాంటిదే కొనాలంటే రెండూ కొత్తగా కట్టి, పైన 3 శాతం జీఎస్టీ ఇవ్వాలి. మీలో ఒకరు గొలుసు ఉంచుకుని, ఆ రోజు ధర ప్రకారం మిగతా ముగ్గురికీ నాలుగేసి గ్రాముల విలువ బ్యాంకు ద్వారా చెల్లించండి. తమ్ముడికి డబ్బు అందుతుంది, నాన్నగారి మాటా నిలుస్తుంది. ఆయన తన వాటా వద్దనుకుంటే ఆ మాట కూడా కాగితంలో రాయించండి. తాకట్టు పెడదామనుకున్నా మిగతావారి రాతపూర్వక సమ్మతి కావాలి. మొత్తం నాదేనని బ్యాంకులో సంతకం పెట్టి ఇవ్వడం అబద్ధపు ప్రకటన అవుతుంది.