సలహా మండలి కూర్చేముందు

అమ్మాయికి ఆశీస్సులు.

మీ పరిశోధనా సంస్థ సలహా మండలికి నువ్వు అనుకుని పంపిన జాబితా చూశాను. 21 పేర్లు, అందులో సగానికి పైగా రిటైర్డ్ ఐఏఎస్‌లూ మాజీ వైస్ ఛాన్సలర్లూ. లెటర్‌హెడ్‌కు నిండుగా ఉంటుంది గానీ పని నడవదు. అంతమందికి ఒకే రోజు కుదరడమే గగనం. కుదిరినా రెండు గంటల సమావేశంలో మనిషికి ఆరు నిమిషాలు కూడా రావు. ఏడుగురు చాలు, ఎంత మొహమాటం వచ్చినా తొమ్మిది దాటనివ్వకు.

మీది సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభాపేక్ష లేని సంస్థ కాబట్టి లెక్కలు, ఆడిట్, ఎవరి డబ్బు తీసుకోవాలన్నది డైరెక్టర్ల బాధ్యత. సలహాదారులకు ఓటు లేదు, చెక్కు మీద సంతకం లేదు. కాగితం మీద కూడా ఈ గీత చెరగకూడదు. ఏదైనా తప్పు జరిగినప్పుడు బాధ్యులెవరన్నది 2013 కంపెనీల చట్టం సెక్షన్ 2(60) చెబుతుంది. ఎవరి సలహా ప్రకారం బోర్డు నడుచుకోవడం అలవాటైపోయిందో, ఆ మనిషినీ అందులో చేర్చారు. వృత్తిరీత్యా సలహా ఇచ్చేవాళ్లకే మినహాయింపు. అందుకని మినిట్స్‌లో 'సలహా మండలి నిర్ణయించింది' అన్న వాక్యం ఎక్కడా పడనివ్వకు. మండలి ఏం సూచించిందో, బోర్డు దాన్ని ఏ కారణంతో ఒప్పుకుందో కాదందో, విడివిడిగా రాయించు.

ఇక ఎవరిని తీసుకోవాలి? హోదా చూసి కాదు, మీ నివేదిక ఎక్కడ విరుగుతుందో చూసి ఎంచుకో. అంకెల దగ్గర విరగకుండా శాంపిల్ సర్వేలు తెలిసిన గణాంకవేత్త ఒకరు కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను జిల్లా వరకు వాడొచ్చు, మండలానికి దించితే చెల్లదని మొదటి చిత్తుప్రతిలోనే చెప్పేవాళ్లు ఉండాలి. బడ్జెట్ దగ్గర విరగకుండా ఆర్థిక శాఖలోనో ట్రెజరీలోనో పనిచేసిన మనిషి కావాలి. ముఖ్య కార్యదర్శే కానక్కర్లేదు. బిల్లులు చూసిన డిప్యూటీ డైరెక్టర్ అయితే ఇంకా మేలు. కేటాయింపు వేరు, బీఆర్వో (బడ్జెట్ విడుదల ఉత్తర్వు) వేరు, బిల్లు పాసవడం వేరు. పత్రికలు బడ్జెట్ అంచనా పట్టుకుని రాస్తాయి. అసలు ఖర్చు ఆ తర్వాత రెండో ఏడాది బడ్జెట్ పుస్తకాల్లో గానీ కనబడదు. ఈ తేడా తెలియని నివేదికను సెక్రటేరియట్‌లో రెండో పేజీ దాటి చదవరు.

చట్టం ముసాయిదా రాసిన అనుభవమున్న లాయరొకరు కావాలి. జీవోతో అయిపోయే పనికి చట్ట సవరణ అడిగితే ఫైలు అక్కడే పడుకుంటుంది. ఎంపీడీవోగానో సర్పంచ్‌గానో చేసినవాళ్లు ఒకరు, తెలుగు పత్రికలో డెస్కు నడిపినవాళ్లు ఒకరు. మీ సంస్థ వాదనతో మొదటినుంచీ విభేదించే మనిషి ఒకరు తప్పనిసరి. ఈ చివరి కుర్చీ ఖాళీగా వదిలేస్తే, మీరు అందరూ ఒకరికొకరు తలూపుకుని ఇంటికెళ్తారు.

మీ మొదటి అంశం వ్యవసాయ ఉచిత విద్యుత్తు కదా, అందులోంచే ఒక వాక్యం చూపిస్తాను. 'రైతుకు ఎకరానికి ఇన్ని యూనిట్ల సబ్సిడీ అందుతోంది' అని మీ చిత్తుప్రతి మూడో పేజీలో ఉంది. ఆ అంకె ఎక్కడిది? ఉమ్మడి రాష్ట్రంలో 2004 నుంచి ఉచితం, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా. బోర్లలో అత్యధికం మీటర్లు లేనివే. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఆ శాంపిల్ మీద డిస్కమ్‌లు (విద్యుత్ పంపిణీ సంస్థలు) మొత్తం వాడకాన్ని అంచనా కడతాయి. అంచనా ఎక్కువ పడితే లైన్ల నష్టం, దొంగ కరెంటు కూడా రైతు ఖాతాలోకే పోతాయి. డిస్కమ్‌లో ఏడీఈగా, అంటే క్షేత్రస్థాయి ఇంజనీరుగా చేసినవాళ్లెవరైనా ఈ వాక్యాన్ని చూడగానే పట్టేస్తారు. మీ జాబితాలో ఒక్క విద్యుత్ ఇంజనీరూ లేడు. పేరున్న ఆర్థికవేత్తలు ముగ్గురున్నారు.

ఒప్పుకున్నవాళ్లకు ఒక పేజీ నియామక లేఖ ఇవ్వు. పదవీకాలం రెండేళ్లు, ఇంకొక్కసారి పొడిగించవచ్చు. ఏడాదికి మూడు సమావేశాలు, రెండు నివేదికల లిఖిత సమీక్ష. వరసగా రెండు సమావేశాలకు రాకపోతే సభ్యత్వం దానంతటదే ముగుస్తుంది. ఈ ఒక్క షరతు ముందే రాసి ఉంటే పెద్దవాళ్లను మధ్యలో తొలగించే ఇబ్బంది నీకు రాదు. అందరి గడువూ ఒకేసారి తీరకుండా, మొదటి విడతలో సగం మందికి మూడేళ్లు ఇవ్వు.

గౌరవ వేతనం సమావేశానికి కాకుండా సమీక్షకు ఇవ్వు, టీడీఎస్ సంగతి ఆడిటర్‌ను అడిగి. ఊరికే వచ్చి కాఫీ తాగి వెళ్లేవాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గుతారు. ముందుముందు విదేశీ నిధులు వచ్చినా ఈ సొమ్ము మాత్రం దేశీయ ఖాతా నుంచే చెల్లించు. విదేశీ విరాళాలు తీసుకోకూడదని ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం పేర్కొన్నవాళ్లలో పత్రికా సంపాదకులు, కాలమిస్టులు, ప్రభుత్వోద్యోగులు, చట్టసభల సభ్యులు ఉన్నారు. జీతభత్యాలకు మినహాయింపులున్నా, ఆ వాదన చేసుకుంటూ కూర్చునే ఓపిక చిన్న సంస్థకు ఉండదు.

ప్రయోజనాల ప్రకటన ఏటా ఏప్రిల్‌లో అందరి దగ్గరా రాయించుకో: కన్సల్టెన్సీలు, ప్రభుత్వ కమిటీలు, కంపెనీ డైరెక్టర్ పదవులు, పార్టీ సభ్యత్వం. సోలార్ కంపెనీ బోర్డులో ఉన్న సలహాదారు మంచివాడే కావచ్చు, పంపుసెట్ల చర్చ జరిగేటప్పుడు మాత్రం గదిలో ఉండకూడదు. ఎవరైనా పార్టీ పదవి తీసుకుంటే లేదా ఎన్నికల్లో నిలబడితే ఆ రోజుతోనే తప్పుకున్నట్టు లేఖలోనే ఉండాలి. నిధులిచ్చినవాళ్లు మండలిలో కూర్చుంటామంటే నవ్వుతూనే కాదను. వాళ్లకు ఏడాదికోసారి విడిగా నివేదిక ఇస్తే సరిపోతుంది.

సమావేశాన్ని ప్రగతి నివేదికతో మొదలుపెట్టకు. పవర్ పాయింట్ అయ్యేసరికి సగం సమయం పోతుంది. పది రోజుల ముందే ఆరు పేజీలకు మించని పత్రం పంపు. పైన మీకు తేలని ప్రశ్నలు రెండో మూడో ఉండాలి. 'అభిప్రాయం చెప్పండి' అంటే 'బాగుంది' అంటారు. 'పట్టిక 2లోని అంచనా నిలబడుతుందా, ఏ డేటా ఉంటే మారుతుంది' అని అడిగితే పెన్ను తీస్తారు. మాట్లాడే వరసలో వయసులో చిన్నవాళ్లను ముందు పెట్టు. మాజీ ప్రధాన కార్యదర్శి ముందు నోరు తెరిస్తే తక్కినవాళ్లు 'సార్ చెప్పినట్టే' అంటారు, మన దగ్గర ఈ జబ్బు కాస్త ఎక్కువే.

వచ్చిన ప్రతి వ్యాఖ్యకూ పట్టికలో ఒక వరస: ఎవరన్నారు, ఏమన్నారు, ఏం మార్చాం, మార్చకపోతే ఎందుకు. నివేదిక అచ్చుకు వెళ్లేముందు అది వాళ్లందరికీ పంపు. తమ మాట ఏమైందో తెలిసినవాళ్లే రెండోసారి శ్రద్ధగా చదువుతారు. నివేదిక లోపలి పేజీలో, ఇందులోని అభిప్రాయాలు సంస్థవే, సలహాదారులవి కావని ఒక వాక్యం వెయ్యి. లేకపోతే మర్నాడు ఏ టీవీ చర్చలోనో మీ గణాంకవేత్తను పట్టుకుని నిలదీస్తారు.

తేదీల సంగతి మండలితో ముందే మాట్లాడుకో. డిస్కమ్‌లు వచ్చే ఏడాది ఆదాయ అవసరాల నివేదికను నవంబరు 30 నాటికి విద్యుత్ నియంత్రణ మండలికి ఇవ్వాలి. తర్వాత అభ్యంతరాలు, బహిరంగ విచారణలు. కొత్త టారిఫ్ ఏప్రిల్ 1 నుంచి. మీ నివేదిక మార్చిలో వస్తే దండ వేసి బీరువాలో పెట్టుకోవడమే. అక్టోబరు చివర మొదటి సమావేశం పెట్టి పద్ధతి ఒప్పించుకో. డిస్కమ్‌ల పిటిషన్ రాగానే అంకెలు మార్చి, గడువులోగా అభ్యంతరంగా దాఖలు చెయ్యి. విచారణ రోజు మాట్లాడేది నువ్వో మీ పరిశోధకుడో అయి ఉండాలి, సలహాదారు కాదు.

నియామక లేఖ ముసాయిదా తయారయ్యాక పంపు, ఎర్ర ఇంకుతో తిరిగి పంపిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న