సమాధానం: వీడియో చూపించినా సర్క్యూట్లు అర్థం కావట్లేదంటే

నమస్తే అండీ. సిరీస్ (బల్బులు ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి), ప్యారలల్ (ఒక్కో బల్బుకు వేరే దారి) సర్క్యూట్ల పాఠం వీడియోలో చూపించినా పిల్లలకు ఎక్కలేదని, స్కూల్లో నెట్ కూడా సరిగా రాదని రాశారు. వీడియో పక్కన పెట్టి ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, వాడి చూడండి. కొలరాడో యూనివర్సిటీ వాళ్లవి, ఉచితం. చాలావాటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. ఇంట్లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే చాలు, బ్రౌజర్‌లో నెట్ లేకుండానే తెరుచుకుంటాయి.

వాటిలో డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) సర్క్యూట్ కిట్ తెరిచి బ్యాటరీ, వైర్లు, ఒక బల్బు కలపండి. వైర్లలో ఎలక్ట్రాన్లు చుక్కల్లా కదులుతూ కనిపిస్తాయి. రెండో బల్బు సిరీస్‌లో పెట్టే ముందు ఆగి, "ఇప్పుడు వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా?" అని అడిగి, జవాబు నోట్‌బుక్‌లో రాయించండి. ఈ ఒక్కటి మాత్రం వదలకండి, అసలు పాఠం అక్కడే ఉంది. రెండు బల్బులూ మసకబారగానే క్లాసులో వాదన మొదలవుతుంది. దాన్ని ఆపకుండా ప్యారలల్‌గా మార్చండి, రెండూ మొదటి బల్బంత వెలుగుతాయి. బ్యాటరీ రెండు కొనలనూ ఉత్త వైరుతో కలిపితే తెర మీద మంటలు వస్తాయి. నిజం బ్యాటరీతో అలా చేయొద్దని తప్పకుండా చెప్పండి.

లెక్కల పాఠాలకైతే జియోజెబ్రా అనే సాఫ్ట్‌వేర్ బాగుంటుంది. దాని గురించి కావాలంటే అడగండి, వివరంగా రాస్తాను.