బండి బోగట్టా: ఛాసిస్ నంబరు దాచే బేరం

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సెకండ్ హ్యాండ్ కార్ల గురించే. ఆరింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: 2019 మే నెలలో తయారైన వ్యాగన్ ఆర్, 1 లీటరు పెట్రోలు బండి బరంపురంలో బేరానికి వచ్చింది. దానికి కంపెనీ ఏదో రీకాల్ ఇచ్చిందని మా బావమరిది అంటున్నాడు. బ్రోకరేమో ‘అవన్నీ ఎప్పుడో అయిపోయాయి’ అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టి ఛాసిస్ నంబరు, అంటే బండి రేకు మీద చెక్కిన గుర్తింపు నంబరు తీసుకోండి. రీకాల్ అంటే తయారీలో లోపం బయటపడి కంపెనీ ఆ బండ్లను వెనక్కి పిలిచి బాగుచేయడం. మీ బావమరిది ఒకటే విన్నట్టున్నారు గానీ, ఆ బండి రెండు రీకాల్స్ గడువులోకి వస్తుంది. మొదటిది 2019 ఆగస్టులో. 2018 నవంబరు 15 నుంచి 2019 ఆగస్టు 12 దాకా తయారైన 1 లీటరు వ్యాగన్ ఆర్‌లు 40,618. పెట్రోలు గొట్టం ఒక ఇనప క్లాంపుకు రాసుకుంటోందని కారణం. రాపిడికి గొట్టం చిల్లుపడితే వేడి ఇంజన్ దగ్గర పెట్రోలు కారుతుంది. రెండోది 2020 జులైలో, ఫ్యూయల్ పంపు గురించి. 2018 నవంబరు 15 నుంచి 2019 అక్టోబరు 15 దాకా తయారైన ఇవే వ్యాగన్ ఆర్‌లు 56,663, వాటితోపాటు పెట్రోలు బాలెనోలు 78,222.

చిక్కంతా ఇక్కడే. మొదటి ఓనరు గొట్టం పని చేయించుకుని, ‘రీకాల్ అయిపోయింది’ అనుకుని రెండోదానికి వెళ్ళకపోయి ఉండొచ్చు. బ్రోకరు అబద్ధం చెప్పాడనీ అనలేం, అతనికి తెలిసింది ఆ ఒక్కటే కావచ్చు.

గడువులో తయారైన ప్రతి బండీ జాబితాలో ఉండాలని లేదు. అందుకే మోడల్ పేరు, సంవత్సరం చూసి ఏమీ తేలదు. ఆర్సీలో తయారైన నెల ఉంటుంది గానీ తేదీ ఉండదు. నవంబరు 2018, అక్టోబరు 2019 లాంటి అంచు నెలల బండ్ల సంగతి నంబరుతోనే తేలాలి.

ఛాసిస్ నంబరు 17 అక్షరాలు. ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు అందులో రావు. 1 తోనూ సున్నాతోనూ పొరబడతారని వాటిని వాడరు. ఎవరైనా రాసిచ్చిన నంబరులో ‘ఓ’ కనిపిస్తే అది సున్నాయే. మారుతి నంబరు ఎం.ఏ.3 తో మొదలవుతుంది. కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నంబరు కొట్టి చూసే పేజీ ఉంది. అక్కడ చూసుకున్నా సరే, ఏదో ఒక మారుతి సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి సర్వీస్ అడ్వైజర్‌ని ఇలా అడగండి: “ఈ నంబరు మీద ఏయే రీకాల్స్ వచ్చాయి, ఏవి ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర చేశారు?” ఊరికే ‘పెండింగ్ ఏమీ లేదు’ అంటే రెండర్థాలు. పని అయిపోయిందనీ కావచ్చు, ఈ బండి అసలు జాబితాలో లేదనీ కావచ్చు. ఏది నిజమో చెప్పించుకోండి. అదే కాగితంలో పాత కిలోమీటర్లు కూడా బయటపడతాయి. 2022లో 61,000 ఉన్న బండి ఇప్పుడు 52,000 చూపిస్తుంటే రీడింగ్ తిప్పేసినట్టే.

పెండింగ్ ఉంటే కంగారు లేదు. రీకాల్ పని ఉచితం. వారంటీ అయిపోయినా, మీరు మూడో ఓనరైనా డబ్బు తీసుకోరు. బేరం తెగకముందే అమ్మేవాడి చేత చేయించుకోవడం మంచిది. ఇక మీరే చూడగలిగింది ఒకటుంది. ఈ బండిలో పంపు వెనక సీటు కింద ట్యాంకులో ఉంటుంది. సెల్ఫ్ కొట్టకుండా కీ ఆన్ చేస్తే వెనకనుంచి రెండు సెకన్లు ‘జుయ్’ మని వినిపించాలి. ఓ 20 కిలోమీటర్లు తోలి, ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు బాగా పలికిన బండి వేడి మీద మొరాయిస్తే పంపును అనుమానించాలి.

ప్రశ్న: గోపాల్‌పూర్ దగ్గర 2016 డీజిల్ డిజైర్ చూశాం. మార్కెట్ కంటే 60 వేలు తక్కువ చెబుతున్నారు. సీటు కవర్లు, మ్యాట్లు అన్నీ కొత్తవి. నీట మునిగిన బండి అయితే ఎలా కనిపెట్టాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: కొత్త మ్యాట్లు చూసి మురిసిపోకుండా అనుమానపడ్డారు, బాగుంది. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది గానీ, అప్పటికి ఈ బండి పుట్టలేదు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాంలను వరదలో ముంచింది. కాబట్టి 2018 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సర్వీసు రికార్డు తెప్పించుకోండి. ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్, స్టార్టర్ మోటారు, వైరింగ్ ఒకే జాబ్ కార్డు మీద మారి ఉంటే ఇంకేమీ అడగక్కర్లేదు.

బండి దగ్గర మొదట డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగండి. రోజూ బయట కనిపించే భాగాన్ని అందరూ కడుగుతారు. రీలులో చుట్టుకుని ఉండే ఆఖరి జానెడు ఎవరూ కడగరు. నీళ్ళు అక్కడిదాకా వచ్చి ఉంటే అడ్డంగా ఒక మట్టిచార కనిపిస్తుంది, వేలితో రాస్తే పొడి రాలుతుంది. బెల్టు కొత్తదైతే అడుగున కుట్టిన చీటీ మీద తేదీ చూసి బండి వయసుతో పోల్చండి.

తర్వాత కిందికి వంగి టార్చి వేసి సీటు పట్టాల బోల్టులు, సీటు స్ప్రింగులు చూడండి. వాన తడికి అవి తుప్పు పట్టవు. గడప దగ్గరి ప్లాస్టిక్ పట్టీ చేత్తోనే ఊడుతుంది. అది తీసి, కార్పెట్ కింద ఉండే దళసరి గుడ్డ మీద టిష్యూ కాగితం అదిమితే తడి, వాసన, రంగు మూడూ తెలుస్తాయి. డిక్కీలో స్టెప్నీ తీసి, ఆ గుంటలో వెల్డింగు అతుకుల మధ్య మట్టి ఉందేమో చూడండి. డ్యాష్‌బోర్డు కింది ఫ్యూజు బాక్సులో రెండు ఫ్యూజులు పీకండి. కాళ్ళకు పచ్చటి పొడి పట్టి ఉంటే ఆ బండిని వదిలేయడమే.

ఇంజన్ సంగతి వేరు. మునిగిన బండికి ఎవరో సెల్ఫ్ కొట్టి ఉంటే ఎయిర్ ఫిల్టరు మీదుగా నీళ్ళు సిలిండర్లోకి వెళ్తాయి. గాలి నలుగుతుంది, నీరు నలగదు. పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. డీజిల్ ఇంజన్లలో నలుపుడు ఎక్కువ కాబట్టి దెబ్బా ఎక్కువే. కొద్దిగా వంగిన రాడ్డుతో బండి నెలలు తిరుగుతుంది, ఐడిలింగ్‌లో మాత్రం వణుకుతూ ఉంటుంది. నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ టెస్టు, అంటే లోపల గాలి ఎంత గట్టిగా నలుగుతోందో కొలిచే పరీక్ష చేయించండి. ఒకటి మాత్రం బాగా తక్కువ చూపిస్తే కారణం తేలేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.

మునగని బండికైనా సముద్రపు గాలి తగిలితే తుప్పు ఖాయం. ర్యాంపు ఎక్కించి, స్క్రూడ్రైవరు పిడితో రన్నింగ్ బోర్డు అడుగునా, చక్రాల పైనున్న రేకు అంచునా, వెనక సస్పెన్షన్ బిగించే చోటా తట్టండి. మంచి రేకు ఖణేల్‌మంటుంది, తిన్న రేకు బోలుగా మోగుతుంది. బ్రేకు పైపులు కూడా చూడాలి. అడుగంతా నిన్నగాక మొన్న నల్లరంగు కొట్టినట్టుంటే అందం కోసం కొట్టారనుకోకండి.

ప్రశ్న: 2012 హోండా సిటీ కొనబోతున్నాను. కీ ఆన్ చేస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు అసలు వెలగడం లేదు. ‘లైటు రాలేదంటే ఎయిర్‌బ్యాగులు బాగున్నట్టే’ అంటున్నారు అమ్మేవారు.
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: అది తలకిందులు మాట. కీ ఆన్ చేయగానే ఆ లైటు వెలగాలి, కొద్ది సెకన్లలో తనంతట తాను ఆరాలి. వెలిగి ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఆ లోపాన్ని దాచినట్టు: బల్బు పీకి ఉంటారు, లేదా వెనక టేపు అంటించి ఉంటారు.

ఇంకా తెలివైనవాళ్ళు దాని తీగను ఆయిల్ లైటుకో, బ్యాటరీ లైటుకో కలుపుతారు. దాన్ని పట్టుకోవడం సులువే. ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్‌లో ఉంచి పదంకెలు లెక్కపెట్టండి. ఆయిల్, బ్యాటరీ లైట్లు అలాగే ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ లైటు ఒక్కటే ఆరాలి. అది కూడా ఉండిపోయి, ఇంజన్ స్టార్ట్ అవగానే మిగతావాటితో కలిసి ఆరితే కలిపేశారని అర్థం. పేలిన బ్యాగు బదులు చిన్న రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ని నమ్మించేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు లైటు సరిగ్గానే నడుస్తుంది. కాబట్టి స్టీరింగ్ మధ్య మూత, ఎడమవైపు డ్యాష్‌బోర్డు మూత రంగు, గీతలు చుట్టుపక్కల ప్లాస్టిక్‌తో కలుస్తున్నాయా చూడండి. ఎయిర్‌బ్యాగు లోపాల కోడ్‌లు చదవగల స్కానర్ ఉన్న షెడ్డుకే తీసుకెళ్ళండి. ఫోనుకు కలిపే చవక స్కానర్లలో చాలావాటికి ఇంజన్ కోడ్‌లే కనిపిస్తాయి.

మీ బండికి ఇంకో సంగతి ఉంది. తకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల్లో లోపం వల్ల హోండా 2017 జనవరిలో 2012 నాటి కార్లు 41,580, మరుసటి జనవరిలో 2013 నాటివి 22,834 వెనక్కి పిలిచింది. ఆ బ్యాగును ఉబ్బించే మందు అమ్మోనియం నైట్రేట్. వేడి, తేమ ఏళ్ళ తరబడి తగిలితే అది పాడై, పేలినప్పుడు ఉండాల్సిన దానికంటే వేగంగా మండుతుంది. లోహపు డబ్బా బద్దలై ముక్కలు ముఖానికి తగులుతాయి. వానలు దంచే కోరాపుట్‌లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అయితే ఛాసిస్ నంబరు ‘క్లియర్’ అన్నా పూర్తిగా నిశ్చింత కాదు. బండి ఒకసారి గుద్దుకుని, పాత సామాన్ల కొట్టునుంచి తెచ్చిన బ్యాగు వేసి ఉంటే, ఆ బ్యాగు ఏ బండిదో ఏ రికార్డులోనూ ఉండదు. విడిభాగంగా వచ్చిన లోపం ఊహ కాదు: 2024 చివర్లో హోండా ఫ్యూయల్ పంపు రీకాల్ ఇచ్చినప్పుడు, అంతకుముందు స్పేర్‌గా ఆ పంపు వేయించుకున్న కార్లనూ పిలిచింది.

ప్రశ్న: 2022 ఈకో వ్యాను. చూడాల్సిన రీకాల్ ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, ఛత్రపురం

జవాబు: ఉంది. 2021 జులై 5 నుంచి 2023 ఫిబ్రవరి 15 దాకా తయారైన ఈకో, ఎస్‌ప్రెస్సో బండ్లు 87,599. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్‌లో ఒక భాగం అరుదుగా విరగొచ్చని. విరిగితే స్టీరింగ్ మాట వినదు. తేలేదాకా జనాన్ని ఎక్కించకండి.

ప్రశ్న: 2018 ఆటోమేటిక్ డిజైర్, ఏజీఎస్. ఘాట్ రోడ్ల మీద తిరిగిన బండి. దేన్ని పరీక్షించాలి?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఏజీఎస్ అంటే లోపల మామూలు గేర్‌బాక్సే. క్లచ్‌ని మన కాలి బదులు ఒక యాక్చుయేటర్ తొక్కుతుంది. ఎగువలో బ్రేకు వేయకుండా యాక్సిలరేటరుతోనే బండిని నిలబెట్టే అలవాటున్న డ్రైవరు చేతిలో క్లచ్ ప్లేటు కాలిపోతుంది. ఎగువ మీద ఆపి కదిలించండి. వణికితే, మాడు వాసన వస్తే ప్లేటు చివరికొచ్చింది. మాన్యువల్ మోడ్‌లో మూడో గేరు పెట్టి 40 కిలోమీటర్ల వేగంతో ఎగువ ఎక్కుతూ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు లేచి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కి, రివర్స్‌కి పదిసార్లు మార్చి ఆలస్యం గమనించండి. క్లచ్ మార్చాక స్కానర్‌తో కాలిబ్రేషన్, అంటే కొత్త ప్లేటుకు తగ్గట్టు సర్దుబాటు చేయాలి. బయట షెడ్డులో ప్లేటు మార్చి అది వదిలేసిన బండి కుదుపుతూనే ఉంటుంది.

బ్రేకు ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. అది గాలిలో తేమ పీలుస్తుంది, దిగువలో వేడెక్కితే మరుగుతుంది, పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్ళు దాటితే మార్చేయాలి.

స్కానర్ పెట్టినప్పుడు ‘కోడ్‌లేమీ లేవు’ అన్న మాటతో ఆగకండి. కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే బండ్లు ఉన్నాయి. అక్కడ 3 కిలోమీటర్లు కనిపిస్తే, మీరు వచ్చే ముందే చెరిపారు.

ప్రశ్న: పాతపట్నంలో ఏపీ-30 బండి కొంటున్నాను. మాది గుణుపురం. కాగితాల విషయం చెప్పండి. బండి మీద బ్యాంకు లోను ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: ముందు లోను. బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 రావాలి, ఆర్సీలో హైపోథికేషన్, అంటే బ్యాంకు తాకట్టు గుర్తు తీసేయాలి. రాష్ట్రం మారుతోంది కాబట్టి ఆంధ్రా రవాణా శాఖ నుంచి ఫారం 28, అంటే నిరభ్యంతర పత్రం. బదిలీకి ఫారం 29, 30. ఇక్కడి నంబరుకు ఫారం 27, దానితో ఒడిశా రోడ్డు టాక్సు. ఏపీ నంబరుతో ఇక్కడ 12 నెలలకు మించి ఉంచకూడదు. ఆ టాక్సు లెక్క వేసుకున్నాకే ధర మాట్లాడండి, సరిహద్దు దాటితే చవక అనుకునేవాళ్ళు మరిచేది దీన్నే. చలానాలు పరివాహన్ సైటులో చూసుకుని, ఉన్నవి అమ్మేవారి చేతే కట్టించండి.

ఫారం 28కి ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర అంటించాలి. ఆ పని బ్రోకరుకు వదలకండి. తెల్లకాగితం, మెత్తటి పెన్సిలు పట్టుకెళ్ళి మీరే తీయండి. కొన్ని మోడళ్ళలో నంబరు ముందు ఎడమ సీటు కింద కార్పెట్ మూత ఎత్తితే ఉంటుంది, కొన్నిట్లో బానెట్ లోపల అద్దం కింది గోడ మీద. కాగితం మీద అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఒకే ఎడం రావాలి. ఒకటి పక్కకు ఒరిగినా, చుట్టూ గ్రైండింగ్ గీతలు పడినా, ఆ ముక్క చుట్టూ కొత్త వెల్డింగు కనిపించినా కార్పెట్ మూసేసి వచ్చేయండి.